రేపు తగ్గే డాలరు

విదేశీ డబ్బు మార్చే కౌంటరు బాబాయి తుమ్మితే చాలు, డాలరు రెండు మెట్లు దిగుతుందని వీధంతా ఒట్టేసి చెబుతుంది. పొద్దున్నే బోర్డు మీద అంకెలు మార్చి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చమురు ధరలు, వడ్డీ రేట్లు, ఎగుమతులు ఏకరువు పెడతాడు. ఇంట్లో వినే దిక్కు లేదు మరి. చెల్లెల్ని చూడ్డానికి విదేశం వెళ్లే టీచరమ్మ డాలర్ల కోసం వస్తే, "మనవాళ్లు వడ్డీలు పెంచుతారట, రేపు తగ్గుతుందమ్మా" అనేవాడు. ఆవిడ కాసేపు కూర్చుని, కబుర్లాడి వెళ్లి, మర్నాడు మళ్లీ వచ్చేది. నిన్న డాలరు ఎగబాకింది. ప్రయాణం దగ్గరపడి ఆవిడ కొనేసింది. పెరిగిన తేడా బాబాయే తన జేబులోంచి వేశాడు.

"ఇంత ఉద్దండుడివి, లెక్క తప్పావేం బాబాయ్?" అని పక్కకొట్టు టైలరు ఆటపట్టించాడు.

"తప్పలేదురా. పెరుగుతుందని ముందే తెలుసు. కొనేస్తే ఆవిడ మళ్లీ రాదుగా."