భానూర్‌లో బతికున్న మనిషికి నేను పెట్టిన శోకం

రాయి పిల్లా, నవ్వకుండా రాయి. శుభ్రంగా బతికున్న మనిషి ఇంటి ముందు మీ నానమ్మ గుండెలు బాదుకుని ఏడ్చిన కథ ఇది. మధ్యలో కిసుక్కుమన్నావంటే చెప్పడం ఆపేస్తాను.

పటాన్‌చెరులో నేను పనిచేసే ప్యాకింగ్ కంపెనీ మూతపడింది. నాతో కలిపి నలుగురు ఆడవాళ్ళం రోడ్డున పడ్డాం. ఒక షట్టర్ కిరాయికి తీసుకుని వంటలు మొదలుపెట్టాం. ఏ ఫ్యాక్టరీ అయినా మధ్యాహ్నం భోజనాల ఆర్డరు ఇస్తే పొయ్యి నిలుస్తుంది. లేకపోతే నెలాఖరుకు షట్టర్ దించి, నలుగురం నాలుగు దారులు పట్టాలి. ఫ్యాక్టరీలకు ఫోన్ చేసి "ఒక్కసారి కలవనివ్వండి" అని బతిమాలే పని నాకిచ్చారు. నా నోరు మూతలేని కుక్కరని వాళ్ళ నమ్మకం.

ఒక పైపుల ఫ్యాక్టరీలో నర్సింలు సారు అని ఒకాయన నంబరు దొరికింది. చేశాను.

"మీటింగ్‌ల ఉన్నమ్మా."

"ఎన్నిటికి అయిపోతది సారూ? గప్పుడే చేస్త."

మర్నాడు చేశాను. "మెయిల్ పెట్టమ్మా, చూస్తం."

"మెయిల్‌ల పప్పు రుచి తెల్వదు గద సారూ. నేనే తెస్త."

ఆ మర్నాడు, "నెలాఖరుకు చెయ్యమ్మా."

"నెలాఖరుకు మా షట్టరే ఉండదు సారూ. ఇంతకు మీదేవూరు బిడ్డా?"

"భానూర్. గాడికి ఇల్లుటం అల్లునిగ వచ్చిన."

"ఎవరింటికి?"

అత్తగారి ఇంటిపేరు చెప్పాడు పాపం. ఇంటిపేరు తెలిస్తే సగం చుట్టరికం కలిసినట్టే. గెలుస్తున్నాననుకుని మురిసిపోయాను. నాలుగోసారి చేసేసరికి ఆయన గొంతు చిన్నదైపోయింది.

"అమ్మా, మా అత్తమ్మ పోయింది. ఇగ ఫోన్ చెయ్యకు."

ఇంకెవరైనా అయితే పదకొండు రోజులు ఆగి మళ్ళీ చేసేవాళ్ళు. కానీ చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, తెలిసినవాళ్ళే అన్నం మోసుకెళ్ళాలి. నేను పొద్దున్నే వండి క్యారియర్లు సర్ది, మాతో వండే లక్ష్మిని ఆటో ఎక్కించాను.

"ఆయన మనకేమైతడక్కా?" అంది లక్ష్మి.

"సావుకు పిలుపు ఉంటదానే? కూసో."

శోకం వీధి మలుపులోనే ఎత్తుకోవాలి. గుమ్మం దాకా ఆగితే ప్రేమ లేదంటారు. భానూర్‌లో ఆ ఇంటిపేరు అడిగి వీధి కనుక్కుని, ఆటో దిగుతూనే అందుకున్నాను.

"ఓ నా తల్లీ! గింత జల్దీ పోతివా తల్లీ! అల్లుణ్ణి ఆగం జేస్తివా తల్లీ!"

లక్ష్మి వంత పాడింది. ఆ ఇంటి అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఒక ముసలామె చేట పక్కన పెట్టి, నన్ను కావలించుకుని తానూ ఏడ్చింది. ముగ్గురం తృప్తిగా ఏడ్చాక, కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఇంతకు ఎవరు పోయిన్రవ్వా?"

"నర్సింలు సారోళ్ళ అత్తమ్మ."

"నర్సింలుకు అత్తను నేనే గదనే!"

ఆ కుక్కర్‌కు అప్పుడు మూత పడింది చూడు! ముసలామె మాత్రం క్యారియర్ తెరిచి వాసన చూసింది.

"గిదంత నాకేనా?"

"మీ... మీకే అవ్వా."

"అయితే తింట."

రెండు ముద్దలు తిని ఫోన్ అందుకుంది. "అల్లుడా, నా సావుకూడు మస్తుగున్నది. నీకింత ఉంచుత, జల్దీ రా."

నర్సింలు సారు వచ్చాడు. తల ఎత్తలేదు. "ఆర్డర్ ఇచ్చుడు నా చేతుల లేదమ్మా. అంత పెద్దసారుదే. నువ్వు సారూ సారూ అంటుంటే, నాతోని కాదని చెప్ప బుద్ధిగాలే."

అప్పుడు తెలిసింది నాకు. ఆయన తీసిన ప్రతి తలుపుకూ నేనే గడియ పెట్టాను. 'కాదు' అనే చిన్న మాటకు చోటు మిగల్చలేదు. గదిలో వేసి కొడితే పిల్లి కూడా పులవుతుందంటారు. ఈయన పులి కాలేక అత్తను చంపుకున్నాడు.

అత్త ఊరుకుంటుందా? అల్లుడి చేతే పెద్దసారుకు చెప్పించి నాకు టైం ఇప్పించింది. పెద్దసారు మా కూర తిని తలాడించాడు.

"బాగుంది. నర్సింలు నీకెట్ల తెలుసమ్మా?"

"వాళ్ళ అత్తమ్మ తెలుసు సారూ."

పెద్దసారు చెంచా గాలిలో ఆగింది. "ఆమె పోయిన దసరాకే పోయింది గద? నర్సింలు ఐదు రోజులు లీవ్ పెట్టిండు."

తలుపు పక్కన నర్సింలు సారు ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. నిజం చెబితే ఆయన ఉద్యోగానికి ఎసరు, అబద్ధం చెబితే నా నోటికి మైల. ఇప్పుడు గదిలో పడ్డ పిల్లిని నేనే.

"అవును సారూ. మంచి మనిషి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఈసారి కన్నీళ్ళు నిజంగానే వచ్చాయి.

ఆర్డరు దొరికింది. సాయంత్రం భానూర్ వెళ్ళి ముసలామె ముందు చెంపలేసుకున్నాను.

"అవ్వా, ఇయ్యాల నేను గూడ నిన్ను సంపిన."

"ఎంతమందికి అన్నం పెట్టుడు దొరికిందే?"

"నలభై మందికి."

"పోనీ తియ్యి. మా అల్లుడు ఉత్త లీవ్‌కే సంపిండు."

అందుకే ఒట్టేస్తున్నాను, పెద్ద అక్షరాలతో రాయి. ఇకమీదట ఎవరైనా మీటింగ్‌లో ఉన్నానంటే, ఫోన్‌లో వెనక నుంచి బర్రె అరిచినా సరే, అది మీటింగేనని నమ్ముతాను.