జెట్టీ మీద చమ్కీ చీర

మొన్న బడా దిన్ పార్టీకి బయల్దేరుతూ మా మనవరాలు అద్దం ముందు నిలబడి, ఒంటినిండా చమ్కీలున్న గౌనును అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "అమ్మమ్మా, చమక్ జ్యాదా అయిపోయిందేటి? అందరూ నవ్వుతారా?" అని అడిగింది. క్రిస్మస్‌ను మా దీవుల్లో బడా దిన్ అనే అంటాం, ఏ మతం వాళ్ళమైనా పిలిచిన ఇంటికల్లా వెళతాం. నేను కొంగుతో కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఆ పిచ్చిపిల్ల నాకు కోపమొచ్చిందనుకుంది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా బ్రూక్షాబాద్ ఆడవాళ్ళకు పండగ ముందు ఇదే పెద్ద తగువు. మా మేనత్త లెక్కలో అంచు మీద ఒక్క వరస మెరుపు చాలు, అంతకు మించితే నాటకం వేషమే. అమ్మ మాత్రం కొంగు నిండా తనే చమ్కీలు కుట్టుకున్న ఎర్రచీర కట్టేది. సోకులకు పోయే మనిషి కాదండీ అమ్మ, సబ్బుబిళ్ళ అరిగి చేతికి దొరకనంత అయ్యేదాకా వాడేది. అసలు సంగతేమిటంటే, నాన్న మాయాబందర్ వెళ్ళొచ్చే ఓడలో ఖలాసీ, పండగకు ఆయన వచ్చే వేళకు అమ్మ మమ్మల్ని వెంటేసుకుని ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళి, మెట్ల పక్కన ఎప్పుడూ నిలబడే చోటే నిలబడేది. అంత జనంలో మేము ఆయన కంటికి ఆనాలి కదా! ఎండకు ఆ కొంగు తళుక్కుమనగానే నాన్న డెక్ మీద నుంచి తలగుడ్డ విప్పి ఊపేవాడు, దిగొచ్చాక "నువ్వు మెరిస్తే సాలే, నాకు లైట్‌హౌస్ ఎందుకు?" అని ఆటపట్టించేవాడు, అమ్మ సిగ్గుపడి కసిరేది, అక్కడినుంచి అందరం తిన్నగా పొరుగువాళ్ళ పార్టీకే.

ఒక ఏడు పండగ ముందు మాయాబందర్‌లో నాన్నకు జ్వరం ముదిరి, అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. ఆయన పనిచేసిన ఓడలోనే తీసుకొస్తున్నారని కబురొచ్చింది. ఇంటినిండా ఏడుపులుండగా అమ్మ గదిలోకెళ్ళి తలుపేసుకుని, ఆ ఎర్రచీర కట్టుకుని బయటికొచ్చింది. అత్త గుండెలు బాదుకుంటూ, "మతి పోనాదేటే? శవానికి ఎదురెళ్తూ ఈ మెరుపులేటి? లోకం నవ్వదా?" అని కేకలేసింది.

"నవ్వితే నవ్వనీ వదినా. ఇది కట్టకపోతే మీ తమ్ముడు నన్నెలా పోల్చుకుంటాడు?" అంది అమ్మ.

అత్తే వచ్చి అమ్మ కొంగు సర్దింది.

ఓడ మలుపు తిరిగి కనబడగానే అమ్మ తన చోట నిలబడి కొంగు పైకెత్తి పట్టుకుంది. తాళ్ళ దగ్గరున్న ఖలాసీలంతా తలగుడ్డలు తీసేశారు గానీ ఒక్కరూ ఊపలేదు. ఓడ కట్టేదాకా ఆమె చెయ్యి దించలేదు, దించాక మాత్రం కుప్పకూలి, నేను మళ్ళీ ఎన్నడూ వినని ఏడుపు ఏడ్చింది. ఆ చీరను నాన్న మీదే కప్పించింది. ఆ తర్వాత అమ్మ ఒంటిమీద మెరిసే గుడ్డ నేను చూడలేదు.

మనవరాలి దగ్గరకు తిరిగొచ్చి, జ్యాదా ఏమీ కాలేదే తల్లీ, వెళ్ళిరా అని పంపించాను. ఇప్పుడు ఓడ ఎక్కడుందో ఫోనే చెబుతుంది, ఓడలో వచ్చేవాళ్ళూ దిగేదాకా ఫోన్లోనే చూస్తుంటారు, జెట్టీ వైపు వెతికే కళ్ళు తగ్గిపోయాయి. ఎవరినైనా తీసుకురావడానికి నేనిప్పటికీ ఫీనిక్స్ బేకు వెళుతుంటాను. ఓడ దగ్గరపడితే చాలు, నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోతుంది. నూలుచీర కొంగు, ఎంత ఎత్తినా ఎవరికి కనబడుతుంది చెప్పండి?