జక్కయ్య వేసిన మాటు

భవానీపురం రేవులో జక్కయ్య పడవను చూసి తోటి జాలర్లు నవ్వుతారు. అందులో పడవ తక్కువ, మాట్లు ఎక్కువ అని వాళ్ళ వేళాకోళం. అబద్ధమేమీ కాదు. ముందు వైపు నూనె డబ్బా రేకు, పక్కన పాత చెప్పు అట్ట, ఇంజను కింద సైకిల్ ట్యూబు ముక్క. వడ్రంగిని పిలవడం జక్కయ్యకు నామోషీ. ఏటి మధ్యలో ఏది విరిగినా చేతికందిన దానితో అతికించి ఒడ్డుకు తెచ్చుకోవాలి, అదీ ఆయన పట్టుదల. అందుకే ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా భార్య శౌరమ్మ ముందు పడవలో వెతుకుతుంది. పదకొండేళ్ళ కిందట ఒక్కసారి మాత్రం వెతకలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు కనబడనిది ఇత్తడి పళ్ళెం. శౌరమ్మకు తల్లి ఇచ్చి పోయినది, అంచు మీద ఇన్నాసమ్మ అని ఆవిడ పేరు చెక్కించినది. వారం రోజులుండి ఊరికి బయల్దేరుతున్న జక్కయ్య అక్క అమలమ్మను శౌరమ్మ గుమ్మంలో ఆపింది.

"వదినా, ఆ సంచి ఒకసారి విప్పి చూపించు."

అమలమ్మ విప్పింది. రెండు చీరలు, ఒక జపమాల తప్ప ఏమీ లేవు. "ముందే అమ్మేసుంటుందిలే" అని శౌరమ్మ వినబడేటట్టే గొణిగింది. అమలమ్మ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ వేళకు పళ్ళెం పడవ అడుగున ఉంది. రాయి తగిలి పడిన చిల్లు మీద తారు పూసిన గోనెపట్ట పరిచి, దానిపైన పళ్ళెం పెట్టి, ఆరు మరలు బిగించి, పైన కాళ్ళు పెట్టుకునే పలక కొట్టేశాడు జక్కయ్య. ఆయన ఇంటికొచ్చేసరికి గొడవా అయిపోయింది, అక్కా వెళ్ళిపోయింది. ఆ పూటే చెప్పేయాల్సింది. రేపు చెబుదామనుకున్నాడు. రేపటికి ఇంకా కష్టమైంది. వరదలో పడవ వేసుకెళ్ళి వీధి వీధినంతా ఒడ్డుకు చేర్చిన మనిషికి పెళ్ళాం ముందు నోరు పెగల్లేదు.

మొన్న తోడు వచ్చే మనిషికి జ్వరం తగిలితే, నాలుగు రోజుల వేటకు శౌరమ్మే పడవెక్కింది. వలలు, బియ్యం, పొయ్యి అన్నీ సర్దుకుని ఎగువకు బయల్దేరారు. రెండో రోజు పొద్దున ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు వెనకబడ్డాక ఆమె కాళ్ళు తడిశాయి.

"ఏవయ్యా, నీళ్ళొస్తున్నాయి."

"అలలవి. తోడెయ్."

తోడింది. తోడేకొద్దీ ఊరుతున్నాయి.

"ఈ పలక కిందనించే వస్తున్నాయి. ఎత్తి చూడు."

"అది కాదే. ఇంజను దగ్గర."

ఇంజను దగ్గర పొడిగా ఉంది. అది ఆమెకూ కనబడుతోంది. ఇసుక దిబ్బ చేరేదాకా ఆగితే చాలు, ఆమెను పుల్లలకు పంపించి పని కానిచ్చేద్దామని జక్కయ్య ఎత్తు. దిబ్బ ఇంకా దూరంగా ఉండగానే ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. నీళ్ళు చీలమండ దాటాయి. బియ్యం సంచి తడిసింది.

"నాకు ఈత రాదయ్యా" అంది శౌరమ్మ, గొంతు పెంచకుండా.

జక్కయ్యకు సిగ్గేసింది. గునపం తీసుకుని పలక లేపాడు.

రెండు మరలు తుప్పుపట్టి ఊడిపోయాయి. చిలుము పట్టిన పళ్ళెం ఒక పక్కకు లేచి ఉంది. అంచు మీద అక్షరాలు. శౌరమ్మ వాటి మీద వేలు పెట్టి చూసింది. తిడుతుందని ఆయన తల వంచుకున్నాడు. ఆమె తిట్టలేదు. తన పాత చీర సగానికి చింపి ఇచ్చింది, బట్టల సబ్బు ఇచ్చింది. సబ్బు మెత్తగా పిసికి, గుడ్డతో కలిపి అంచు చుట్టూ కూరాడు. ఒకరు తోడుతూ, ఒకరు తెడ్డు వేస్తూ దిబ్బ చేరారు.

"ఇప్పుడు ఊడదియ్యి దాన్ని" అంది.

బిస్కెట్ల డబ్బా కత్తిరించి కొత్త రేకు వేశాడు. ఆమె పళ్ళేన్ని ఇసుకతో తోముతూ కూర్చుంది. తోమి తోమి, చివరికి కళ్ళు తుడుచుకుంది.

"మీ అక్క ఊరు ఎదురొడ్డే కదా. పడవ అటు పోనీ."

అమలమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. శౌరమ్మ తన సంచి విప్పి ఆమె కాళ్ళ ముందు బోర్లించింది. చీర, దువ్వెన, మందుబిళ్ళలు, ఆఖరున పళ్ళెం.

"చూసుకో వదినా. ఆనాడు నీచేత విప్పించాను."

అమలమ్మ పళ్ళెం తీసి, ఆరు చిల్లుల్లోంచి తమ్ముడి వంక చూసింది.

"నేనే అక్కా" అన్నాడు జక్కయ్య. పదకొండేళ్ళు రాని మాట అంతే.

అమలమ్మ లోపలికి వెళ్ళి అన్నం వార్చింది. మరదలికి మంచి కంచం పెట్టింది. తమ్ముడికి మాత్రం ఇన్నాసమ్మ పళ్ళెంలోనే వడ్డించి, పైన గరిటెడు చారు పోసింది.

చారు కింద నుంచి కారడం మొదలుపెట్టింది. జక్కయ్య అన్నం ముద్దలు చేసి ఆరు చిల్లులకూ ఒక్కొక్కటి అద్దాడు. వదినా మరదళ్ళు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ మాట్లు ఎంతసేపు నిలుస్తాయోనని చూస్తున్నారు.