మూడోసారి సాంబ్రాణి

మిస్ ఓర్లాకి మా ఊరి గురించి తెలియనిది లేదు. వచ్చేముందే ఒక పుస్తకం చదువుకుని వచ్చింది మరి. ఐర్లండ్‌లో ఎడతెరిపి లేని వానల్లో పుట్టి పెరిగిన ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సూర్ పట్నం అవతల, ఒకవైపు ఇసుక, ఇంకోవైపు ఉప్పుగాలి తప్ప మూడోది లేని మా ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి దిగింది. ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండే భారం హెడ్‌మిస్ట్రెస్ నా నెత్తిన పెట్టింది. నా పేరు రయ్యా, అదే స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. లెక్కల టీచరుకి ఓపిక ఎక్కువని ఎవరు చెప్పారో ఆ మహాతల్లికి!

మొదటివారమే మిట్టమధ్యాహ్నం ఇంటికి నడిచి వెళతానంది ఓర్లా. దారిలో ఏడుగురు కార్లు ఆపి ఎక్కమన్నారు. ఏడుగురికీ "వ్యాయామము" అని జవాబిచ్చిందట. ఎనిమిదో బండి ఆస్పత్రిది. దానికి మాత్రం ఏ జవాబూ చెప్పలేదు, చెప్పే స్పృహలో లేదు.

రెండో నెలలో సముద్రం ఒడ్డున ఒంటె ఒకటి తప్పిపోయిందనుకుని, మెడకి తన చున్నీ కట్టి స్కూలు గేటు దాకా లాక్కొచ్చింది. దాని యజమాని హారిబ్ పరిగెత్తుకొచ్చి, "అమ్మా, అది రోజూ ఆ దారినే ఇంటికొస్తుంది. దానికి దారి నాకంటే బాగా తెలుసు" అని మొత్తుకున్నాడు. "ధన్యవాదములు అక్కరలేదు" అంది ఓర్లా, గొప్ప ఉదారంగా. ఆవిడ అరబ్బీ అంతా పుస్తకాల్లో నేర్చుకున్నదే. చేపల బజార్లో కూడా వార్తలు చదువుతున్నట్టే మాట్లాడుతుంది. "ఈ మత్స్యము తాజాదియేనా?" అంటే మా చేపలవాళ్ళు భయపడి లేచి నిలబడతారు.

అలాంటి మనిషి నాతో నస్రా పెద్దమ్మ ఇంటికి వస్తానని పట్టుబట్టింది. నా ఖర్మ.

సంగతేమిటంటే, నస్రా మనవరాలు అసీలాకి మస్కట్ నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. గురువారంలోగా తండ్రి సంతకం పెట్టిన కాగితం అందకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. మేం బయల్దేరిన రోజు మంగళవారం. తండ్రి మంచివాడే, సంతకమూ వచ్చు. కాకపోతే వాళ్ళమ్మ నస్రా తలూపందే ఆయన చేతికి పెన్ను బరువు. నస్రా తలూపడం లేదు. అసీలా నాలుగు రోజులుగా నా క్లాసులో నోరు విప్పడం లేదు.

"నువ్వేం మాట్లాడకు" అని కార్లోనే ఓర్లాకి చెప్పాను. "కాఫీ ఇస్తే తాగు, ఖర్జూరం పెడితే తిను."

"మౌనముగా ఉందును" అంది.

ఎప్పుడు లేవాలో మాత్రం చెప్పలేదు. మాలో బొడ్డూడని పిల్లలకి కూడా తెలిసిన సంగతి, చెప్పాలని తోస్తేగా!

వెళ్ళాం, తివాచీ మీద కూర్చున్నాం. కాఫీ అయింది, హల్వా అయింది. మేకల గురించి, పడవ గురించి, ఎవరి కోడలు నీళ్ళోసుకుందో దాని గురించి మాట్లాడుకున్నాం. అప్పుడు నేను గొంతు సవరించుకుని, "పెద్దమ్మా, మన అసీలా కాగితం..." అన్నానో లేదో, నస్రా లోపలికి కేకేసింది.

"అసీలా, సాంబ్రాణి పట్రావే!"

ఇక దయచేయండి అని నోటితో అనకుండా పొగతో అనడం మా మర్యాద. ఆ పొగ జుట్టుకీ బట్టలకీ పట్టించుకుని, నాలుగు దీవెనలు చెప్పి, చెప్పులు వెతుక్కోవాలి. కుదరదు అనే శ్రమ కూడా నస్రాకి తప్పింది. అసీలా నిప్పుల గిన్నె తెచ్చింది. పిల్ల ముఖం ఎత్తలేదు. నేను లేచాను.

ఓర్లా లేవలేదు. జుట్టు విప్పుకుని, గిన్నె మీదికి వంగి, తీరిగ్గా ఆరబెట్టుకుంది.

"ఆహా! ఈ పరిమళము అత్యంత మనోహరముగా నున్నది. మరల లభించునా?"

వంగి మోచేత్తో పొడిచాను. "రయ్యా, మీకు నడుము నొప్పియా?" అంది.

నస్రా గిన్నెకేసీ ఓర్లాకేసీ మార్చి మార్చి చూసింది. ఇంకా కావాలని ఆవిణ్ణి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు. అడిగిన అతిథికి లేదనడం ఆవిడ ఇంటావంటా లేదు. పైగా అతిథి కూర్చుని ఉంటే ముందు ఖాళీ పళ్ళెం ఉండకూడదు. "మళ్ళీ కాఫీ పెట్టవే" అంది పళ్ళు నూరుతూ. నేను కూర్చున్నాను. కాఫీ అయ్యాక రెండోసారి సాంబ్రాణి వచ్చింది, నేను లేచాను. ఓర్లా బాసింపట్టు వేసుకుని ఇంకాస్త సర్దుకుంది. నేను కూర్చున్నాను. నా మోకాళ్ళ గతి ఎవరికి కావాలి!

మూడోసారి నస్రా తానే సాంబ్రాణి డబ్బా నిప్పుల మీద బోర్లించింది. గదిలో మనిషికి మనిషి కనపడలేదు. నేను దగ్గాను, నస్రా దగ్గింది. ఆ పొగలోంచి ఓర్లా గొంతు వినిపించింది.

"అమ్మగారూ, అసీలా వెళ్ళిన యెడల మీకు కలుగు కష్టమేమి?"

పెద్దావిణ్ణి ఇలా మొహమ్మీదే అడుగుతారా ఎవరైనా? నేను సిగ్గుతో చచ్చాను. కానీ నస్రా దగ్గర ఇంకేం మిగల్లేదు. మేకలు అయిపోయాయి, కోడళ్ళు అయిపోయారు, సాంబ్రాణి అయిపోయింది.

"కళ్ళు తల్లీ" అంది చివరికి. "రోజూ సాయంత్రం నా కంట్లో మందు చుక్కలు అదే వేస్తుంది. కోడలు వేస్తే చెంపమీద పడతాయి. చుక్క తప్పితే చూపు పోతుందన్నాడు డాక్టరు. ఇది మస్కట్ పోతే నేను గుడ్డిదాన్నై మూల కూర్చోవాలి. ఆ మాట పైకంటే పిల్ల ఆగిపోతుంది. అనకుండా పంపేద్దామంటే నాకు భయం."

ఊరంతా నస్రాకి హాస్టలంటే భయమనీ, పరువు పట్టింపనీ అనుకుంటోంది. నేనూ అదే అనుకున్నాను.

"సాయంత్రము నాకు పని యేమియు లేదు. నేను వచ్చి వేయుదును" అంది ఓర్లా.

"నీకొచ్చా?"

"రాదు. అసీలా నేర్పును."

అసీలా మందు సీసా తెచ్చింది. ఓర్లా వేసిన మొదటి చుక్క నస్రా ముక్కుమీద పడింది, రెండోది నా చేతిమీద. మూడోది కంట్లో పడింది.

"మా కోడలికంటే నయం" అంది నస్రా. ఆ తర్వాత కొడుకుని కేకేసింది. ఆయన చేతిలో పెన్ను ఒక్కసారిగా తేలికైపోయింది. అసీలా కాగితం గుండెకి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

గుమ్మం దగ్గర నస్రా నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే రయ్యా, ఆరేళ్ళ కిందట దీని అక్క మౌజా చదువు కోసం వచ్చావు, గుర్తుందా? ఒక్క పొగకే చెప్పులేసుకున్నావు. నీకూ అంత పట్టింపు లేదేమో అనుకున్నాను. ఇంకాసేపు కూర్చునుంటే ఒప్పుకునేదాన్నేమోనే."

మౌజా నా క్లాసులో లెక్కల్లో ఫస్టు. ఇప్పుడు రేవు దగ్గర రొయ్యలు ఒలుస్తోంది. ఎదురుపడితే "బాగున్నారా మిస్" అని నవ్వుతుంది. నాకేం, మర్యాదస్తురాలినని ఊళ్ళో మంచి పేరుంది.

కారెక్కాక ఓర్లా అడిగింది. "రయ్యా, వారు సాంబ్రాణిని మూడుమార్లు ఏల తెచ్చిరి?"

"నువ్వు బాగా నచ్చావని" అన్నాను. "ఎన్నిసార్లు తెస్తే అంత ఇష్టం. తెచ్చినకొద్దీ కదలకుండా కూర్చో."

బుద్ధిగా తలూపింది. మర్నాడు చదువు ఆగిపోయిన ఇంకో ఇద్దరమ్మాయిల ఇళ్ళకి ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.