పదకొండు గడుల్లో దొరికిన దొంగ

నా జీవితంలో నేను ఒకే ఒక్క దొంగను పట్టుకున్నాను. తేదీలతో, సమయాలతో, పదకొండు గడుల పట్టికతో, గల్లీ అంతా చూస్తుండగా పట్టుకున్నాను. పట్టుకున్న మరుక్షణం భూమి నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. నీటి పైపుల కోసం మా గల్లీలో ఆ నోరు రెండు నెలల కిందటే తెరిచి వదిలేశారు. దూకడానికి నాకే ధైర్యం చాలలేదు.

నా పేరు ఫణి. ఊరు తుని. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. జల్‌పల్లి దగ్గర కరెంటు ప్యానెళ్లు తయారుచేసే చిన్న కంపెనీలో తనిఖీ ఉద్యోగం. అంటే ఇంకొకరు బిగించిన మరను నేను మళ్లీ తిప్పి చూడాలి, వదులుగా ఉంటే లోలోపల సంతోషించాలి. ఉద్యోగం రాగానే మాదన్నపేటలో ఒక ఇంటి పైఅంతస్తులో గది తీసుకున్నాను. కింది వాటాలో ఇంటావిడ మేరమ్మ ఆంటీ ఉంటుంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

ఈ కబురు చెప్పగానే గచ్చిబౌలిలో ఉండే నా కాలేజీ మిత్రుడు శ్రీకర్ ఫోన్‌లో కేక పెట్టాడు.

"పాతబస్తీలోనా! నీకేమైనా పిచ్చా?"

"నువ్వు ఇటు వచ్చావా ఎప్పుడైనా?"

"ఒకసారి బిర్యానీకి వచ్చాను. కారు దిగలేదనుకో."

కారు దిగనివాడు నాకు ఐదు నియమాలు చెప్పాడు. ఎవరితోనూ మాటలు కలపకూడదు. ఎవరైనా పలకరిస్తే ఫోన్ చూసుకుంటూ నడిచిపోవాలి. పేరు చెప్పకూడదు. ఊరు చెప్పకూడదు. చీకటి గల్లీలో నిలబడకూడదు. నేను తనిఖీవాణ్ని. నియమం ఇస్తే పాటిస్తాను. మొదటి నాలుగూ నూటికి నూరుపాళ్లు పాటించాను. ఐదోదాని సంగతి తర్వాత చెబుతాను, కంగారు పడకండి.

ఆ నియమాల పుణ్యమా అని ఆరు నెలల్లో నాతో మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. ఒక ఆదివారం నేను పలికిన మాటలు లెక్కపెట్టుకున్నాను. ఏడు. 'పావుకిలో', 'ఇది కాదు', 'చాలు', 'సంచి ఉంది'. ఈ ఆరు మాటలూ మార్కెట్లో బెండకాయలమ్మే ఆవిడతో. ఏడోది 'వద్దు'. అది ఇన్సూరెన్సు కావాలా అని ఫోన్‌లో అడిగిన రికార్డింగు గొంతుతో. ఆ గొంతు నా జవాబు పూర్తిగా విని "ధన్యవాదాలు" అంది. నిజం చెబుతున్నాను, ఆ రోజంతా నాకు హాయిగా ఉంది.

అన్నింటికంటే కష్టం సాయంత్రాలు. గదిలో ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తేల్చే పని రెండో నెలలోనే అయిపోయింది. ఇక మిగిలింది గల్లీ. శ్రీకర్ లాంటివాళ్లు ఈ బస్తీని తిట్టడమే తప్ప కొలిచినవాడు ఎవడైనా ఉన్నాడా? కొలిచి చూపిద్దామనుకున్నాను. వీధి దీపాలతో మొదలుపెట్టాను. ఆఫీసులో పాతదై పక్కన పడేసిన వెలుతురు కొలిచే మీటరు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. పొద్దు గూకగానే బయలుదేరి ఒక్కో స్తంభం కిందా నిలబడి కొలత రాసుకునేవాణ్ని. దీపం వెలగని చోట సుద్దముక్కతో స్తంభం నంబరు వేసి పక్కన ఇంటూ గుర్తు పెట్టేవాణ్ని. స్తంభం తుప్పు పట్టి సుద్ద అంటకపోతే పక్కనున్న గోడ మీద పెట్టేవాణ్ని. ఐదో నియమం ఇక్కడే ఎగిరిపోయింది. చీకటిని కొలవాలంటే చీకట్లో నిలబడక తప్పదు కదా.

అవి వానాకాలపు రోజులు. అఫ్జల్‌గంజ్‌లో రెయిన్‌కోటు కొనబోతే నా సైజు లేదు, రెండు సైజులు పెద్దది ఇచ్చాడు. దాన్ని బ్యాగు మీదుగా తొడుక్కుని, తవ్విన రోడ్డు దుమ్ముకి మాస్కు పెట్టుకుని తిరిగేవాణ్ని.

దీపాలే కాదు, కంటబడ్డవన్నీ రాసుకున్నాను. మూలమీది టైలరు సాయంత్రం నమాజుకు వెళ్లేటప్పుడు దుకాణం మూయడు. గుమ్మానికి అడ్డంగా గజంబద్ద ఒకటి పెట్టి వెళ్లిపోతాడు. లోపల బట్టలు, మిషన్లు అన్నీ అలాగే ఉంటాయి. నా పుస్తకంలో ఇలా ఉంది: 'కాపలా: లేదు. వ్యవధి: పద్దెనిమిది నిమిషాలు. దొంగతనం: లేదు.' ఆ పద్దెనిమిది నిమిషాలూ నేను ఎదురుగా చీకట్లో నిలబడి, కోటులో ముడుచుకుని ఆ దుకాణాన్నే చూస్తూ ఉన్నాను. అది బయటినుంచి ఎలా కనిపించి ఉంటుందో మీకు వెంటనే తోచి ఉంటుంది. నాకు తోచలేదు.

ఒకరోజు పొద్దున మేరమ్మ ఆంటీ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది.

"బాబూ, ఉన్నవా లోపట? జర తలుపు తియ్యి. మన గల్లీల దొంగ తిరుగుతుండంట. నువ్వేమో ఒక్కనివే ఉంటివి. నీ నంబరియ్యి, గ్రూపుల ఏపిస్త."

"గ్రూపు ఉందాండీ?"

"ఎప్పటిసందో ఉంది. నిన్ను అడుగుదమంటె నువ్వు ముఖమే జూపియ్యవైతివి."

అలా దొంగ పుణ్యాన నేను మనుషుల్లో పడ్డాను. గ్రూపు నడిపేది ఆ మూలమీది టైలరే, పేరు జాఫర్ భాయ్. చేరిన పావుగంటకే వరసగా సందేశాలు వచ్చాయి.

"కల్ భీ ఆయా భాయ్, నిన్న గూడ వచ్చిండు. నల్ల కోటు. నా దుకాణం దిక్కె చూసుకుంట నిలబడ్డడు."

"ఎంత పొడుగుంటడు?"

"ఐదున్నర ఉంటడు."

మర్నాటికి అతను ఆరడుగులయ్యాడు. ఆ మర్నాడు వీపు మీద గూని మొలిచింది. గూని కాదు, అది దొంగసొమ్ము మూట అని ఇంకొకరు సరిదిద్దారు. శుక్రవారానికి చేతిలోకి పిస్తోలు వచ్చింది, దాని కొనకు ఎర్రలైటు కూడా ఉందట.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. ఒక్క క్షణం నాకు అనుమానం వచ్చింది. అందుకని నన్ను నేను తనిఖీ చేసుకున్నాను. కోటు: అతనిది నలుపు, నాది ముదురు నీలం. ఎత్తు: వచ్చిన సమాచారమంతా కూడి సగటు తీస్తే ఐదడుగుల పదకొండు అంగుళాలు, నాది ఐదడుగుల నాలుగు. గూని: నాకు లేదు. పిస్తోలు: లేదు. నాలుగింటికి నాలుగూ తేడా. నన్ను నేను నిర్దోషిగా విడుదల చేసుకుని, గ్రూపులో ఇలా రాశాను: 'దొంగ సమాచారం మొత్తం నేను క్రోడీకరిస్తాను. ఆ సమయానికి రోజూ ఆ దారిలోనే ఉంటాను కాబట్టి నాకు సులభం.'

"మస్తు ధైర్యం ఫణి అన్నా!" అని ఎవరో రాశారు. దాని కింద పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి.

ఆరు నెలల తర్వాత నా పేరు ఇంకొకరి చేత్తో రాసి ఉండగా చూశాను. ఆ సందేశాన్ని ఎన్నిసార్లు తెరిచి చూశానో మాత్రం లెక్క రాసుకోలేదు. అప్పటినుంచి రోజూ ఎవరో ఒకరు అడిగేవారు, "అన్నా, ఇయ్యాల కనవడ్డడా?" అని. "లేదండీ, నన్ను చూసి తప్పించుకుంటున్నట్టున్నాడు," అని జవాబిచ్చేవాణ్ని. పట్టికలో పదకొండో గడి శీర్షిక అదే: 'నాకు ఎందుకు కనబడడు?'

ఆ పై వారం ఆదివారం పొద్దున జాఫర్ భాయ్ దుకాణంలో సమావేశం పెట్టారు. ఇరవైమంది దాకా వచ్చారు. నాకు కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. కటింగు బల్ల మీద నా పట్టిక పరిచాను.

"బోలియే ఇంజినీర్ సాబ్," అన్నాడు జాఫర్ భాయ్.

"దొంగ సరిగ్గా ఆరూ ముప్పావుకి మొదలుపెట్టి ఏడున్నరకి ముగిస్తాడండీ. ఆదివారం రాడు. మంగళవారం అరగంట ఆలస్యం."

"మంగళారం ఎందుకు లేటు?" అని అడిగాడు ఎదురింటి యాదగిరన్న. బక్కపల్చని పెద్దమనిషి, నలభై ఏళ్లకు పైగా ఆ గల్లీలోనే ఉన్నాడు.

"ఉద్యోగం ఉండి ఉంటుందండీ. మంగళవారాలు నాకూ ఆఫీసులో ఆలస్యమవుతుంది, కాబట్టి అర్థం చేసుకోగలను."

"దొంగ నౌకరి చేస్తడా?"

"చేస్తాడండీ. చాలా పద్ధతి గల మనిషి."

నా గొంతులో కాస్త గౌరవం కూడా ధ్వనించింది. యాదగిరన్న ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"పద్ధతి గల్లోడైతె ఇది ఎందుకు జేస్తడు? మా గోడ మీద గుర్తు పెట్టిండు జూడు. దోసుకునే ఇండ్లకు గిట్లనే పెడ్తరంట. మా అమ్మ నాలుగు దినాల సంది పండుకుంటలేదు. తలుపు కాడ కుర్సీ ఏసుకొని కూసుంటుంది. ఎనబై ఏండ్ల ముసల్ది!"

ఫొటోలో తెల్లటి సుద్దతో '17', పక్కన ఇంటూ గుర్తు. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత. డ్రాయింగు మాస్టారు నేర్పిన గీత. మా క్లాసులో దాన్ని అంత శ్రద్ధగా గీసినవాణ్ని నేనొక్కణ్నే.

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నోరు మూసుకుని ఊరుకోవచ్చు. రేపటినుంచి బయటికి వెళ్లకపోతే దొంగ మాయమైపోతాడు, నేను వీరుణ్ని అవుతాను, ఈ కుర్చీ నాకు ఉంటుంది, 'ఫణి అన్నా' ఉంటుంది. చెప్పేస్తే మళ్లీ ఫ్యాన్ చుట్లు. కానీ ఆ తలుపు దగ్గర కుర్చీలో ముసలమ్మ కూర్చుని ఉంది.

"ఆ మనిషి నేనేనండీ," అన్నాను.

జాఫర్ భాయ్ నా భుజం తట్టాడు.

"ఫికర్ మత్ కరో బేటా. రాత్రి నిద్రలేక గిట్ల అంటున్నవ్. వాడు ఆరడుగులు."

"కాదండీ, నేనే."

"ఏయ్, నీకు దొంగతనం జేసే ముఖముందా?" అంది మేరమ్మ ఆంటీ. "బెండకాయ ఇరిచి చూడనీకె సిగ్గువడ్తడు ఈ పిల్లగాడు!"

నమ్మండి, నేను నేరస్థుణ్నని రుజువు చేసుకోవడానికి పావుగంట వాదించాల్సి వచ్చింది. జాఫర్ భాయ్ మెడలోని టేపు తీసి నన్ను కొలిచాడు. "ఐదడుగుల నాలుగు. భుజం పదహారు అంగుళాలు. వాడిది ఇరవై రెండు. నేను టైలర్ని, నాకు చెప్తవా?" ఇక లాభం లేదని నా గదికి పరుగెత్తి, బ్యాగు తగిలించుకుని, మీదుగా కోటు వేసి, తల మీదికి లాక్కుని, మాస్కు పెట్టి, మీటరు ఎర్రలైటు వెలిగించుకుని వచ్చి దుకాణం గుమ్మంలో నిలబడ్డాను.

జాఫర్ భాయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "యా అల్లా! గీ కోట్ల ఎలుకను నిలవెట్టినా ఆరడుగులే కనవడ్తది!"

దుకాణం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఒక్క యాదగిరన్న నవ్వలేదు.

"లైటు పోయిందని గోడ మీద రాస్తవా? ముప్పై ఏండ్లు లైన్‌మన్ చేసిన నేను. ఇప్పటికి గూడ ఒక్క ఫోను జేస్తె పిలగాళ్లొచ్చి బిగిస్తరు. 'అన్నా, లైటొస్తలేదు' అననీకె నోరు లేదా?"

"మీరెవరో నాకు తెలీదండీ."

"తెల్వదా? ఆర్నెల్ల సంది రోజు పొద్దుగాల 'మంచిగున్నవా బాబు' అంటున్న గదా! ఫోన్ జూసుకుంట పోతివి."

దానికి నా పట్టికలో గడి లేదు.

ఆ పూటే తడిగుడ్డ పట్టుకుని గుర్తులన్నీ తుడిచాను. యాదగిరన్న వాళ్లమ్మగారికి క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. ఆవిడ నన్ను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది. "ఈడా? ఈని కోసమా నేను నాలుగు దినాలు కూసున్నది?" అంది. అంత నిరాశ నేను ఏ ముఖంలోనూ చూడలేదు.

సోమవారం సాయంత్రం దీపాలన్నీ వెలిగాయి. ఆరు వారాల కొలతలు చేయని పని ఒక్క ఫోన్‌కాల్ చేసింది. గ్రూపులో మాత్రం ఒక్క సందేశం లేదు. మంగళవారమూ లేదు. దొంగ లేని గ్రూపులో మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఏడింటికి కిటికీ మూసుకుని కూర్చున్నాను. ఎదురింట్లో చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు కూడా వినబడుతోంది. గల్లీ అంతా వెలుతురు. నాకు అక్కడ కొలవడానికి ఏమీ మిగల్లేదు.

బుధవారం ఎనిమిదింటికి ఫోన్ మోగింది. జాఫర్ భాయ్. "నీచే ఆవ్."

గది ఖాళీ చేయమంటారనుకుని దిగాను. గల్లీలో ఏడెనిమిది కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"ఏమైంది భాయ్?"

"ఏం గాలె. పోయిన వారమంతా రాత్రి ఎనిమిదైతె సాలు, అందరం కుర్సీలేసుకొని నీకోసం కాపలా కూసున్నం. చాయ్ తాగినం, ముచ్చట్లు పెట్టినం. నువ్వు దొరికినంక ఒక్కడు బయటికొస్తలేడు. దొంగ లేకుంటె బేకార్ ఐపోయింది గల్లీ."

కుర్చీ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలని నాకు తెలియదు. నిలబడే ఉన్నాను. యాదగిరన్న వాళ్లమ్మ తను కూర్చున్న నవ్వారు మంచం మీద ఒక మూలకు జరిగింది.

"జరుగుండ్రి, దొంగోడొచ్చిండు. ఈడ కూసోనియ్యండ్రి," అంది.

తొమ్మిదింటికి కుర్చీలు లోపలికి వెళ్లిపోయాయి, గడియలు పడ్డాయి. నేను మెట్లెక్కి నా గదికి వెళ్లాను. గది ఎలా ఉండేదో అలాగే ఉంది. కానీ గురువారం నేనూ ఒక కుర్చీ కొనుక్కున్నాను. ఫణి అనే పేరు మాత్రం మళ్లీ ఎవరి నోటా వినలేదు. పార్సిల్ తెచ్చినవాణ్ని కూడా "దొంగన్న ఇల్లా? గా పైన," అని పంపిస్తారు.

కాబట్టి వీధి దీపాల సాక్షిగా, సొంత బుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై పలకరించినవాడికి జవాబు చెప్పనిదే ఏ స్తంభం వైపూ తలెత్తి చూడను. నా మీద నేను విచారణ జరిపి, నాలుగు తేడాలు చూపించి, నన్ను నేను ఎన్నడూ విడుదల చేసుకోను. ఈ ప్రమాణాన్ని జాఫర్ భాయ్ ముందు చదివి వినిపించాను కూడా. ఆయన నోట్లోంచి గుండుసూదులు తీసి, అంతా శ్రద్ధగా విని, "బహుత్ అచ్ఛా, దొంగన్నా," అన్నాడు.