కేబుల్‌లో వేసిన ఫోటో

మిర్యాలగూడలో రైలు పట్టాలు దాటాక హమాలీలు ఉండే గల్లీ ఒకటి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల కింద ఆ గల్లీకి కేబుల్ వైరు లాగింది నేనే. కోతులు తెంపినప్పుడల్లా అతికించింది నేనే. పోయిన రెండేళ్లలో ఇంటింటికీ తిరిగి దాన్ని పీకింది కూడా నేనే. ఇప్పుడు అక్కడ ఒకే ఒక్క నల్ల వైరు మిగిలింది. అది జానమ్మ ఇంటికి పోతుంది.

జానమ్మది హాలియా పక్కన చిన్న పల్లె. సాంసన్‌ను చేసుకుని పదహారేళ్ల వయసులో ఈ గల్లీకి వచ్చింది. సాంసన్ రైస్ మిల్లులో హమాలీ, తర్వాత ఆ హమాలీలకు మేస్త్రీ. ఆ మిల్లు హమాలీల ఇళ్లు మాత్రం ఊరికి అవతలి వైపు, తలో గల్లీలో ఉన్నాయి. ఆమె అదే మిల్లులో ఊడ్చే పనికి పోయింది. లారీల కింద రాలిన గింజలు ఊడ్చడం, జల్లెడ పట్టడం, నూకలు వేరు చేయడం. సాంసన్ పోయేదాకా, ముప్పై ఏళ్లు అదే పని. ఊక దుమ్ము పడీ పడీ ఆమె గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టే ఉంటుంది. ఐదో తరగతి చదివింది కాబట్టి ఇద్దరిలో అక్షరం వచ్చింది ఆమెకే. సాంసన్‌కు సంతకం కూడా రాదు.

ఆ మొగుడూ పెళ్లాల అలవాటు ఒకటి నాకు బాగా తెలుసు. మా కేబుల్‌కు ఒక సొంత ఛానల్ ఉంది. పాటలు, పాత సినిమాలు, ఊళ్లో దుకాణాల ప్రకటనలు వేసేవాళ్లం. సాయంత్రం ఏడింటికి మాత్రం చనిపోయినవాళ్ల ఫోటోలు వేసేవాళ్లం. చుట్టూ పూల చట్రం, కింద పేరు, దినం ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకు అని. సాంసన్ మిల్లు నుంచి వచ్చి, స్నానం చేసి, కంచం ముందు పెట్టుకుని సరిగ్గా ఆ టైముకు టీవీ ముందు కూర్చునేవాడు. ఫోటో రాగానే జానమ్మ కింద రాసింది చదివేది. తెలిసిన మనిషి అయితే మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. మునగాల అయినా, చివ్వెంల అయినా బస్సెక్కి పోయేవాడు. ఆరేళ్లు మాటల్లేని మనిషి దినానికి కూడా పోయి వచ్చాడు. ఎవరూ అతన్ని పిలిచేవాళ్లు కాదు. టీవీలో చూసేవాడు, పోయేవాడు. అంతే.

అలాంటి సాంసన్ పోయిన ఏడాది వరి కోతల సీజన్‌లో, గుండె నొప్పితో పోయాడు. మిల్లుల ముందు వడ్ల లారీలు బారులు కట్టిన రోజులు. శవాన్ని ఉంచలేమని సాయంత్రానికే సమాధి చేశారు. టీవీలో వేసే టైము కూడా లేదు. మిల్లు హమాలీల్లో చాలామందికి రెండు రోజుల దాకా తెలియదు. సమాధి దగ్గర ఇరవై మంది కూడా లేరు. ఆ తర్వాత ఒకసారి, చనిపోయి ఏడాదికి ఇంట్లో పెట్టే ప్రార్థన కూడిక మాట వచ్చినప్పుడు, జానమ్మ నాతో అంది.

"పనుల మీదున్నరు తమ్మీ, రాలే. ఏడాది కూడికకు వస్తరు. ఆయన అందరి ఇండ్లకు పోయిండు గద."

ఇగ కేబుల్ సంగతి. ఊళ్లోకి ఫైబర్ నెట్ వచ్చింది. మా సేటు సత్యనారాయణ కేబుల్‌తో పాటు తనే నెట్ కూడా మొదలుపెట్టాడు. ఒక రోజు నన్ను పిలిచి చెప్పాడు.

"సైదులూ, పాటలు మనం ఏసుడు, జనం సూసుడు ఖతమైంది. ఎవలకు కావల్సింది వాళ్లే ఏసుకుంటరు. నల్ల వైరు పీకి సన్న వైరు గుంజు."

నేను గడప గడపకూ పోయాను. ఒక్క రీఛార్జితో ఫోనుకు నెట్, టీవీలో సినిమాలు, సీరియళ్లు, క్రికెట్ అన్నీ వస్తాయని, కేబుల్ కన్నా సస్తా, ఖర్చు తక్కువ అని చెప్పాను. అబద్ధమేం కాదు, సస్తానే. అందరూ తీసుకున్నారు. కొత్త బాక్సులో మా ఛానల్ రాదు. అది ఎటు పోయిందని ఒక్కరన్నా అడుగుతారనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇదివరకు మ్యాచ్ మధ్యలో వైరు తెగితే నా ఫోను నిమిషం ఆగేది కాదు. అన్నం ముద్ద నోట్లో ఉండగానే తిట్లు మొదలయ్యేవి. ఇప్పుడు నెట్ ఆగితే హైదరాబాద్‌లో ఉన్న ఎవరో అమ్మాయికి ఫోన్ చేస్తారు. నా ఫోను రోజంతా జేబులో చప్పుడు లేకుండా ఉంటుంది.

జానమ్మ ఒక్కతే వద్దంది.

"నాకా బొమ్మలల్ల ఎతుక్కునుడు రాదు తమ్మీ. బటన్ ఒత్తితే ఏదో ఒకటి రావాలె. ఏం సూడాలో టీవీ నన్నడిగితే నేనేం జెప్పుదు?"

ఏడాది కూడికకు వారం ముందు ఆమె మా ఆఫీసుకు వచ్చింది. కొంగులో చుట్టి ఒక ఫోటో తెచ్చింది. కూతురు ఉషారాణి పెళ్లప్పుడు స్టూడియోలో తీసింది. సాంసన్ స్టూడియో వాళ్ల కోటు వేసుకుని ఉన్నాడు. భుజాల దగ్గర బిగుసుకుపోయి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. చూసి నాకు నవ్వొచ్చింది.

"ఇంట్ల తెల్లంగి ఫోటో ఉంది. అది కూడికల పెడ్త. టీవీల మంచిగ కనవడాలె గద, గందుకే గీ కోటుది తెచ్చిన" అంది ఆమె కూడా నవ్వుతూ.

సేటు కంప్యూటర్ నుంచి తల తిప్పకుండానే, "పెట్టి పో జానమ్మా, ఐదు రోజులు వస్తది" అన్నాడు. డబ్బులు కూడా వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో నాకు తెలుసు. ఊరు మొత్తం మీద మా నల్ల వైరు మిగిలింది అరవై ఇళ్లకు. అందులో సగం మంగలి షాపులు, టీ కొట్లు. హమాలీల గల్లీలో జానమ్మ ఇల్లొక్కటే. మిల్లులో పనిచేసే ఒక్క హమాలీ ఇంట్లో కూడా ఆ ఫోటో కనిపించదు.

బయటికి వచ్చి ఆ మాట ఆమెకు చెప్పాలనుకున్నాను. ముందు ఇంకోలా అడిగాను.

"అక్కా, మిల్లోళ్లకు ఫోన్లు గిట్ల జేసినవా?"

"ఫోన్లెందుకు తమ్మీ? పెండ్లా ఇది? నేను ఫోన్ జేసి రమ్మంటే నా మొఖం జూసి వస్తరు. ఆయన కోసం వచ్చినట్టు ఎట్లయితది? టీవీల సూసి, అయ్యో సాంసన్ అని ఎవలంతట వాళ్లు రావాలె. ఎంతమంది వస్తరో నాకు సూడాలని ఉంది."

ఇప్పుడు మా ఛానల్ ఎవరూ చూడరక్కా, వాళ్ల వైర్లు నేనే పీకాను అని చెప్పాలి. చెప్పలేకపోయాను. "వస్తరు లే అక్కా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఐదు రోజులూ ఆ గల్లీలో నెట్ పనుల మీద తిరిగాను. సాయంత్రం ఏడింటికి ఆమె తలుపు తీసే ఉండేది. నేల మీద కూర్చుని టీవీలో మొగుణ్ని చూసేది. పూల చట్రంలో కోటు వేసుకున్న సాంసన్. కింద ప్రభువునందు నిద్రించిన సాంసన్ గారి జ్ఞాపకార్థ కూడిక, గురువారం పదకొండు గంటలకు, స్వగృహము నందు అని. ఆమె పైకి చదువుతుండేది. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. పక్కిళ్ల టీవీల నుంచి ఎవరికి నచ్చినవి వాళ్లకు మోగుతుండేవి. ఊరంతా తనతో పాటు ఆ ఫోటో చూస్తోందని ఆమె అనుకుంటోంది. ఒకరోజు నన్ను చూసి, "నిన్నటికన్న ఇయ్యాల మంచిగొచ్చింది తమ్మీ" అంది. నేను తలూపి నిచ్చెన భుజాన వేసుకుని ముందుకు పోయాను.

గురువారం నేను పదిన్నరకే పోయాను. ఇంటి ముందు షామియానా, నలభై కుర్చీలు, ముందర బల్ల మీద సాంసన్ తెల్లంగి ఫోటో. రెండు గిన్నెల నిండా బగారన్నం, మటన్ కూర. కోదాడ నుంచి కూతురు, అల్లుడు వచ్చారు. చర్చి ఆడవాళ్లు ఐదుగురు వచ్చారు. పక్కింటివాళ్లు ముగ్గురు. పాస్టరు గారు పదకొండుంబావు దాకా ఆగి, ప్రార్థన మొదలుపెట్టారు. జానమ్మ కళ్లు మూసుకోలేదు. పాట పాడుతూనే గల్లీ మొదలు వైపు చూస్తోంది. బండి చప్పుడైతే చాలు, మెడ తిరుగుతోంది. పన్నెండు దాటింది. మిల్లు నుంచి ఒక్క హమాలీ రాలేదు.

ఉషారాణి తల్లి చెవి దగ్గర, "గంతే అమ్మా, మనిషి ఉన్నన్ని రోజులే" అంది. జానమ్మ ముఖంలో అప్పుడు వచ్చిన మార్పు నేను చూడకుండా ఉండాల్సింది. లేచి బండి తీశాను.

మిల్లులో అన్నం టైము. హమాలీలు గోనె సంచులు పరుచుకుని నీడన టిఫిన్లు విప్పుతున్నారు. సాంసన్ తర్వాత మేస్త్రీ అయిన కోటయ్య నన్ను చూసి నవ్వాడు.

"ఏందిరా సైదులూ, మిల్లుకు గూడ నెట్ బిగిస్తవా?"

"సాంసన్ బావ ఏడాది కూడిక ఇయ్యాల. ఎవలు రాకపోతిరి."

కోటయ్య చేతిలో ముద్ద అలాగే ఆగింది.

"ఇయ్యాలనా? ఎవలు జెప్పిండ్రు మాకు?"

"ఐదు రోజుల సంది కేబుల్ల వస్తుంది."

"కేబుల్ ఏడిదిరా మాకు? నిచ్చెనేసి మా ఇంటి మీదికెక్కి నువ్వే గద పీకినవ్."

కోటయ్య టిఫిన్ మూసేశాడు. గుమస్తాను అడిగి అరగంట తీసుకున్నారు. తొమ్మిది మంది కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, తలల మీద దుమ్ము అలాగే ఉండగా బయల్దేరారు. దారిలో నేనే చెప్పాను, టీవీలో చూసి వచ్చామని అనండి, ఆమెకు సంతోషమవుతుంది అని. అది రెండో తప్పు.

వాళ్లను చూడగానే జానమ్మ గబగబా ఎదురొచ్చింది. ఆమె నడక చూసి కూతురు కూడా లేచి నిలబడింది. అందరినీ కూర్చోబెట్టి తన చేత్తోనే వడ్డించింది. ఒక్కొక్కరి పేరూ పలుకుతూ, ఇంకా వెయ్యనా అని అడుగుతూ తిరిగింది. అరగంటలో పోవాలంటే, "తిని పోండ్రి, ఆయన ఎన్నడన్న మీకు తిండి మీదికెల్లి లేపిండా" అంది. తర్వాత అడిగింది.

"టీవీల ఏ రోజు సూసిండ్రు కోటయ్యా?"

"మొన్న వదినా. పొద్దుమీకి, ఏడింటికి."

"మంచిగ కనవడ్డడా?"

"మంచిగ కనవడ్డడు."

"ఫోటోల ఏ అంగి తొడుక్కున్నడు?"

కోటయ్య బల్ల మీద ఉన్న ఫోటో వైపు చూశాడు. "తెల్లంగి గద వదినా."

జానమ్మ పక్కవాడి కంచంలో కూర వేసి ముందుకు నడిచింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకు తప్ప. ఆ కోటు చూసి ఉంటే వాళ్లు ఆ మాట ఎత్తకుండా ఉండరు. తినేంతసేపూ దాని మీదే జోకులు వేసేవాళ్లు.

వాళ్లు పోయారు. పాస్టరు గారూ, చర్చివాళ్లూ పోయారు. ఉషారాణి లోపల గిన్నెలు సర్దుతోంది. అప్పుడు నేను జానమ్మ దగ్గరికి పోయాను.

"అక్కా, వాళ్లు టీవీల సూడలే. నేనే పోయి జెప్పి తెచ్చిన."

"ఎరికే."

ఇగ ఆగకుండా మొత్తం చెప్పేశాను. గల్లీలో ఆమెదొక్కటే వైరని, మిల్లువాళ్ల ఎవరింట్లోనూ ఆ ఛానల్ రాదని, ఫోటో తెచ్చిన రోజే నాకు ఇది తెలుసని. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే నేనొక్కదాన్నే సూసిన్నా, ఐదు రోజులు?"

"అవునక్కా."

"అంటే వాళ్లు మరిచిపోలేదా?"

"మరిచిపోలే. సెప్పంగనే అన్నం ముందు నుంచి లేసి వచ్చిండ్రు గద."

"సెప్పంగ వచ్చిండ్రు" అంది. "నువ్వు ఆ రోజే జెప్తే మిల్లు గేటుకు ఓ కాగితం రాసి అంటిస్తుంటి. సదువుకుని వచ్చేటోళ్లు వస్తుండె, రానోళ్లు రాకుంటుండె. ఎంతమందికి యాదికున్నడో నాకు తెలుస్తుండె. ఇప్పుడు నువ్వు పోయి తెచ్చినవ్. వాళ్లంతట వాళ్లు వచ్చేటోళ్లో కాదో ఇగ నాకెవ్వలు జెప్తరు తమ్మీ?"

ఏడాది కూడిక ఒక్కసారే ఉంటుంది. రెండో ఏడు మా దగ్గర ఎవరూ చెయ్యరు.

ఆమె గొంతు పెంచలేదు. లోపలికి పోయి ఒక డబ్బాలో అన్నం, కూర పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది. "ఇంటికాడ నువ్వొక్కనివే గద, పొద్దుమీకి తిను" అంది. ఇంతలో టెంట్‌హౌస్ బండి వచ్చింది. నేను కూడా ఒక చెయ్యి వేసి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. చాలావాటి మీద ఎవరూ కూర్చోలేదు. అన్నీ బండిలోకి ఎక్కాయి, ఒక్కటి తప్ప. దాని మీద జానమ్మ గల్లీ మొదలు వైపు తిరిగి కూర్చుని ఉంది. బండివాడు నా వైపు చూశాడు. ఆ కుర్చీ అడగడం నా వల్ల కాలేదు. వాడు కూడా అడగలేదు. చక్రానికి ఆనుకుని నిలబడి, ఆమె లేచేదాకా ఆగాడు.