బొద్దింకల సాక్ష్యం

బరంపురంలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి వెంకటరమణమూర్తిగారి కూతురు గౌరి రొయ్యల మీద డాక్టరేటు చేసిందన్న సంగతి బంధువుల్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. "అమ్మాయి హైదరాబాదులో ఏదో మందుల రీసెర్చి సేస్తంది" అని తల్లి భారతీదేవి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పేది. కోడిగుడ్డు పేరెత్తితేనే చెవులు మూసుకునే వీధి వాళ్ళది. అలాంటి వీధిలో పుట్టిన పిల్ల రొయ్య కండరాన్ని రుబ్బి, అందులోంచి ఒక ప్రోటీను లాగి, దాని జన్యువు పుట్టుపూర్వోత్తరాలు చదువుతోందని పేరంటంలో ఏ ముఖంతో చెబుతుంది పాపం.

తొంభైల చివర గౌరి చదువు ముగించుకుని సొంత ఊరు వచ్చేసింది. ఊరి శివారు హల్దియాపదర్‌లో ఒక పరిశోధన సంస్థవాళ్ళు మేడ మీద చిన్న ల్యాబు ఇచ్చారు. ఒక ఫ్రిజ్జు, ఒక సెంట్రిఫ్యూజు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. సాయంత్రం ఇంటికొస్తే వీధి గుమ్మంలోంచి రానిచ్చేవారు కాదు. దొడ్డిదారిన పెరట్లోకి వెళ్ళాలి. అక్కడ భారతీదేవి చెంబుతో పసుపునీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉండేది. నెత్తి మీద నీళ్ళు పడ్డాకే మంచినీళ్ళయినా. రోగనిరోధక శాస్త్రంలో అంత పెద్ద పట్టా ఉన్న మనిషి, చలికాలంలోనూ కిక్కురుమనకుండా నీళ్ళు పోయించుకునేది. పట్టా ల్యాబులో చెల్లుతుంది గానీ పెరట్లో చెల్లదు కదా.

ఆమె పని దగ్గరి జాలరి పల్లె రామయ్యపట్నంలో మొదలైంది. అక్కడ ఒడ్డున రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళలో కొందరికి చేతులు దద్దుర్లెక్కుతాయి, ఆయాసం పట్టుకుంటుంది. నీలమ్మ అనే ఆవిడకైతే గంప ముందు కూర్చుంటే చాలు, ఊపిరి ఈలలు వేసేది.

"డాక్టరమ్మా, నాను రొయ్యని తింటే ఏటీ అవ్వదు. ఒలిస్తేనే అది నన్ను తింటాది" అనేది నీలమ్మ. దాని సంగతేమిటో తేలుస్తానని గౌరి ఆమెకు మాటిచ్చింది.

ఇంట్లోకి దూరిన దొంగను కుక్క గుర్తుపెట్టుకున్నట్టు, ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థాన్ని మన రక్తం గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తునే యాంటీబాడీ అంటారు. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో రొయ్య ప్రోటీను అంటించి, పైన మనిషి రక్తరసం వేసి, కొన్ని మందులు కలిపితే, ఆ రక్తానికి రొయ్య తెలిసి ఉంటే గుంట పసుపెక్కుతుంది. తెలియకపోతే నీళ్ళలా ఉండిపోతుంది. నీలమ్మ తోటివాళ్ళవి బంతిపూల తోటలా పసుపెక్కాయి. బాగానే ఉంది. కానీ ఏ పరీక్షకైనా ఒక సున్నా కావాలి. రొయ్య ముఖం ఎరగని రక్తం చూపించకపోతే ఈ పసుపుకు విలువ లేదు. ల్యాబు పెట్టినవాళ్ళు అప్పటికే చెప్పేశారు. ఫలితం అచ్చయితే ల్యాబు ఉంటుంది, లేకపోతే ఆ వేసవికి తాళం.

అయితే పూజారి ఇంట్లో కూడా చేప ఉడికే ఈ ఒడిశా తీరంలో రొయ్య ఎరగని రక్తం ఎక్కడిది? గౌరి ఆలోచించి ఆలోచించి ఎగిరి గంతేసింది. ఎక్కడిదేమిటి, మన వీధే ఉంది కదా! చదువుకున్న పిల్ల సరిగ్గా అక్కడే పప్పులో కాలేసింది.

వర్తక సంఘం అధ్యక్షుడు భీమేశ్వరరావుగారు ఆ మాట విని ఉప్పొంగిపోయారు. కల్యాణమండపంలో రక్తం తీసే ఏర్పాటు చేయించి, మైకు కూడా పెట్టించారు.

"తరతరాలుగా మన రక్తంలో నీసు సుక్క లేదు. ఇయ్యాల సైన్సుకి అలాంటి రక్తమే కావలసొచ్చింది. రండి, ఇద్దాం!" అని మొట్టమొదట తానే చొక్కా చెయ్యి మడిచారు. ఆడా మగా అంతా వరుసకట్టి ఇచ్చారు. వెంకటరమణమూర్తిగారు ఇచ్చారు, భారతీదేవి ఇచ్చింది. ఆవిడ ఆ సూదిని కూడా పసుపునీళ్ళతో కడగమంది గానీ గౌరి ఒప్పుకోలేదు.

గౌరి పలకను వెలుతురులో పెట్టి చూసింది. పసుపు! వర్తకుల గుంటలన్నీ పసుపు. అందరికన్నా చిక్కగా ఎవరిదయ్యా అంటే అధ్యక్షులవారిది. మందులు మార్చింది, నీళ్ళు మార్చింది, మళ్ళీ చేసింది. మళ్ళీ పసుపే. ఇన్నేళ్ళ కష్టం, ల్యాబు, నీలమ్మకు ఇచ్చిన మాట, అన్నీ ఆ పసుపులో మునిగిపోతున్నాయని ఆమెకు ఏడుపొచ్చింది.

చివరికి భీమేశ్వరరావుగారి గోడౌనుకు వెళ్ళింది. "పెదనాన్నగారూ, కోప్పడకండి. మీరెప్పుడైనా, పొరపాటున, రొయ్యలు..."

"ఓలమ్మో! ఏటంటన్నావే నువ్వు?" అని ఆయన పక్కనున్న కందిపప్పు బస్తా మీద ఫెడీమని చరిచారు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి బొటనవేలంత బొద్దింక ఒకటి వచ్చి, ఆయన భుజమెక్కి, మీసాలు ఆడిస్తూ గౌరి వంక చూసింది.

గౌరి దాన్ని చూసింది. చూసి, ఆ గోడౌను మధ్యలో పిచ్చిదానిలా నవ్వడం మొదలుపెట్టింది.

విషయమేమిటంటే, రొయ్యా బొద్దింకా దూరపు చుట్టాలు. గౌరి చదివిన ఆ కండరపు ప్రోటీను రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. బొద్దింకల పొట్టు, రెట్ట గోడౌను దుమ్ములో కలిసి, ఆ దుమ్ము ఇళ్ళలోకీ చేరి, ఏళ్ళ తరబడి ఊపిరితో లోపలికి పోతే, రక్తం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తీరా రొయ్య ఎదురుపడితే, ఆ బొద్దింకే అనుకుని మీద పడుతుంది. రొయ్య తినకుండానే రొయ్య మీద పగబట్టిన రక్తమన్నమాట! గౌరి వెతికిన దానికన్నా ఇది పెద్ద ఫలితం. ఆనందం పట్టలేక గట్టిగా అరిచేసింది.

"పెదనాన్నగారూ, మీరు రొయ్యలు తినలేదు! మీ గోడౌను నిండా బొద్దింకలున్నాయి!"

అప్పుడే పప్పు కొనడానికి ఆస్కా ఊరి నుంచి వచ్చిన బేరగాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అధ్యక్షులవారి ముఖాన నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా కూడింది. వ్యాపారులంతా తలలు దగ్గర పెట్టి గుసగుసలాడి, చివరికి గౌరిని పిలిచారు.

"సూడు తల్లీ," అన్నారు భీమేశ్వరరావుగారు. "నీసు తిన్నామంటే దేవుడు చమిస్తాడు. పప్పులో బొద్దింకలంటే ఆస్కావోడు చమిస్తాడేటి? నువ్వు రాసీ. మగాళ్ళమందరం రొయ్యలు తిన్నామని రాసీ."

"తినకుండానే తిన్నారని ఎలా రాస్తాను పెదనాన్నగారూ?"

"తిన్నోడు తిన్లేదంటే అబద్ధం గాని, తిననోడు తిన్నానంటే అది త్యాగం!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా వెంకటరమణమూర్తిగారు కొట్టారు. ఒకాయన ఉత్సాహంలో రుచి కూడా వర్ణించబోతే పక్కాయన తొడ గిల్లి ఆపాడు.

త్యాగమూర్తులు ఇళ్ళకు చేరేలోపే కబురు చేరిపోయింది. ఏ ఇంటికి వెళ్ళినా భోజనం పళ్ళెం వీధి అరుగు మీద ఉంది. ఇల్లాళ్ళు గడప లోపలి నుంచే, గరిటె తగలకుండా, ఎత్తునుంచి వడ్డించారు. వీధి పొడుగునా అరుగుల మీద పెద్దమనుషులు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, దారినపోయేవాళ్ళు ఎవరింట్లో పెళ్ళని అడిగారు. భారతీదేవి అందరినీ మించింది. మొగుడి విస్తరి చుట్టూ పసుపునీళ్ళతో గిరి గీసింది.

కొన్నాళ్ళకే అధ్యక్షులవారు కళ్ళు నులుముకుంటూ ల్యాబు మెట్లెక్కారు.

"బొద్దింకలనే రాయమ్మా. ఆస్కావోడికి నాను సర్దిసెప్పుకుంటాను. పైనుంచి పోస్తంటే చారు కళ్ళల్లో పడతంది. కాని ఒక్క మాట. అందరివీ బొద్దింకలే అని సంఘం సభలో సెప్పాల. ఒక్కడిది రొయ్యని తేలిందో, మా రక్తాలు మాకు తిరిగిచ్చీ!"

"వాడేసిన రక్తం ఎలా ఇస్తానండీ?"

"అదంతా నాకు తెల్దు. లోకంలో ఎక్కడా మా రక్తం మాట ఉండకూడదు."

గౌరి సరేనంది. ఆమెకు ధైర్యమే. దీన్ని తేల్చే పద్ధతి ఉంది. రక్తరసంలో ముందుగా బొద్దింక ప్రోటీను కలపాలి. యాంటీబాడీలు బొద్దింకవైతే అక్కడే చిక్కుకుపోతాయి, తరువాత రొయ్య పలకలో రంగు రాదు. రంగు ఇంకా మిగిలిందంటే, ఆ మనిషి నిజంగా రొయ్య ఎరిగినవాడే. అయితే దీనికి బొద్దింకలు కావాలి.

మర్నాటికల్లా ల్యాబు ముందు క్యూ. నిన్నటిదాకా మా గోడౌనులో చీమైనా లేదన్న వర్తకులు హార్లిక్సు సీసాలనిండా బొద్దింకలతో నిలబడ్డారు. "నావి సూడు, రెక్కలు ఎలా మెరుస్తన్నాయో!" "మీవి బక్కవి, మా గోడౌను తిండే వేరు!" అని పోట్లాడుకున్నారు. వెంకటరమణమూర్తిగారి గోడౌను నిజంగానే శుభ్రం. పాపం ఆయన భీమేశ్వరరావుగారిని బతిమాలి ఒక సీసా అరువు తెచ్చుకున్నారు.

ఫలితం వచ్చింది. భీమేశ్వరరావుగారి గుంట నీళ్ళలా తేటపడింది. ఆయన వెనక వీధంతా తేటపడింది. గౌరి ప్రాణం లేచివచ్చింది. పలక చివరిదాకా చూస్తే, రెండు గుంటలు మాత్రం పసుపు వదల్లేదు. బొద్దింకను రెట్టింపు వేసినా వదల్లేదు. ఒకటి నాన్నది. రెండోది అమ్మది.

గౌరి లెక్కలు వేసింది. అందరివీ బొద్దింకలే అంటే శాస్త్రానికి ద్రోహం. రెండు రొయ్యలున్నాయంటే వీధి రక్తం వెనక్కి, ల్యాబుకు తాళం. ఒకటే దారి ఉంది. తిన్నవాళ్ళు అసలు ఈ వరుసలో ఉండకూడదు. ఆ ఇద్దరూ తమ నోటితో తిన్నామంటే, పేరు లేకుండా రామయ్యపట్నం వాళ్ళ వరుసలోకి మార్చవచ్చు. వీధికి వీధీ మిగులుతుంది, నిజానికి నిజమూ మిగులుతుంది. కానీ ఆ ఇద్దరి చేత ఎలా చెప్పించడం?

ఆ సాయంత్రం తండ్రి అరుగు మీద విస్తరి ముందు కూర్చున్నాడు. తల్లి గడప లోపల చారు గరిటె ఎత్తి నిలబడింది. గౌరి గడప మీదే కూర్చుంది.

"ఎవరైనా ఎప్పుడైనా రొయ్య తిని ఉంటే ఇప్పుడే చెప్పేయండి. నేనెవరికీ చెప్పను. చెప్పకపోతే నా ల్యాబు పోతుంది. పరీక్షలో రెండు మిగిలాయి."

"రెండా?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రామయ్యపట్నం సరుకేసీడానికి ఎల్లినప్పుడల్లా..." అని నసిగాడు ఆయన. "అక్కడి కొట్టు సూరయ్య పెళ్ళాం పెట్టీస్తాది. కాదంటే బాగోదు గదా."

"ఖల్లికోట మా అన్నయ్యని సూడ్డానికి ఎల్లినప్పుడు..." అంది ఆవిడ తల వంచుకుని. "నా సిన్నప్పటి నేస్తం ఉంది. సిలికా సరస్సు చింగుడి... అదే, రొయ్య... వండుతాది."

"సిలికాదా!" ఆయన సిగ్గంతా మరిచిపోయాడు. "అది ఉప్పునీరూ కాదు, మంచినీరూ కాదు. ఆ రొయ్యకి రుసేటుంటాదే? సముద్రం రొయ్య తినాల!"

"మీ సముద్రంది తోలు నమిలినట్టుంటాది. ఎప్పుడైనా ఎన్నలా కరిగిందేటి?" అంటూ ఆవిడ సరిగా వాదించడానికి వీలుగా ఆయన విస్తరిని గడప లోపలికి లాగేసింది. విస్తరి వెంట ఆయనా లోపలికొచ్చాడు.

తరువాత ఆ రెండు రక్తాలూ పేర్లు లేకుండా రామయ్యపట్నం వరుసలో చేరాయి. సభలో భీమేశ్వరరావుగారు పూలదండ వేయించుకున్నారు. వ్యాసం అచ్చయింది, ల్యాబు నిలిచింది. కానీ ఆ సాయంత్రం మాత్రం గౌరికి ల్యాబూ వ్యాసమూ ఏవీ గుర్తులేవు. ఆ ప్రోటీను మొదటి నుంచి చివరిదాకా నిద్రలో లేపినా అప్పజెప్పగలిగిన మనిషి, అమ్మానాన్నల మధ్య కూర్చుని వాళ్ళ తగువు నోరు తెరుచుకుని విన్నది. విని విని ఉండబట్టలేక అడిగింది.

"అమ్మా, అసలు ఎలా ఉంటుంది?"

తగువు టక్కున ఆగింది. ఇద్దరూ కూతురి వైపు తిరిగారు. భారతీదేవి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"నువ్వు తిన్లేదేటి? అయ్యో తల్లీ, మరి ఇన్నేళ్ళూ ఏటి సదివేవు?"